బస్సు వెనక కాంటెస్సా

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పొద్దున్నే పోయే బస్సు వెనక మజ్జిగ రంగు కాంటెస్సా కారు ఒకటి రావడం ఆ దారిలో ఊళ్లవాళ్లకు వింతేమీ కాదు. బస్సు ఆగితే అదీ ఆగుతుంది, బస్సు కదిలితే అదీ కదులుతుంది. ముందు రోడ్డంతా ఖాళీగా ఉన్నా దాటి పోదు. కొత్తగా ఆ రూటుకు వచ్చిన డ్రైవరైతే దాటుకోమని చెయ్యి బయటపెట్టి ఊపి ఊపి, చివరికి విసుగెత్తి కండక్టరును అడిగేవాడు. కండక్టరు నవ్వి, ఆఖరి సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మాలకొండమ్మను చూపించేవాడు. కారు నడిపేది ఆవిడ మొగుడు మల్లికార్జునం.

ఇద్దరికీ గొడవలు ఏమీ లేవు. ఆమెకు పెట్రోలు వాసన పడదు, అంతే సంగతి. డీజిలు వాసన, బీడీ వాసన, బస్సులో పక్కనామె బుట్టలోని ఎండుచేపల వాసన, ఇవన్నీ ఆమె ముక్కుకు ఒక లెక్క కాదు. పెట్రోలు వాసన మాత్రం తగిలిందంటే చాలు, తల పట్టేస్తుంది, కడుపులో దేవేస్తుంది. వీధిలో ఎవరైనా మోటారుసైకిలు మూత తీసి చూసుకుంటున్నా ఆమె ఇంట్లోంచే కనిపెట్టేస్తుంది.

మల్లికార్జునానికి ఆత్మకూరు బజారులో హోల్‌సేలు కిరాణా కొట్టు. మాలకొండమ్మ పుట్టిల్లు ఉదయగిరి. ఆమె అక్క శీనమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. నెలకొకసారి అక్క మొహం చూసి, ఆమె చేతి అన్నం తిని, ఇద్దరూ కలిసి ఊళ్లోవాళ్లందరి సంగతీ ఒకసారి తిరగేసి వస్తే తప్ప మాలకొండమ్మకు ఆ నెల గడిచినట్టు ఉండదు. పెళ్లాం బస్సుల్లో నలిగిపోతోందని మల్లికార్జునం నెల్లూరులో ఒక డాక్టరు దగ్గర ఆ కాంటెస్సాను కొన్నాడు. సెకండ్ హ్యాండే అయినా పడవంత కారు. ముందు సీట్లో తన పక్కన ఆమె కూర్చుని ఉంటే, కిటికీలోంచి గాలి వస్తుంటే, ఉదయగిరి కొండ చూస్తూ అలా పోవాలని ఆయన ఆశ. ఆయన జీవితంలో పడ్డ విలాసమైన ఆశ అదొక్కటే.

మొదటి ప్రయాణానికి కారుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరారు. మాలకొండమ్మ కొత్త పట్టుచీర కట్టింది. వింజమూరు చేరకముందే ఆ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేరాక ఆ చీర ఇక పనికి రాలేదు. ఆమె కొళాయి దగ్గర మొహం కడుక్కుని, వెనక వచ్చిన బస్సెక్కి కూర్చుంది. ఆయన కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడి, కారు తీసుకుని బస్సు వెంట పడ్డాడు. ఆ రోజు మొదలైన వాడుక ఏళ్ల తరబడి అలాగే సాగింది.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండు మిరపకాయల బస్తాల మధ్య, ఇంగువ డబ్బాల మధ్య నలభై ఏళ్లు కూర్చున్న మల్లికార్జునం ముక్కు ఏనాడో చేతులెత్తేసింది. ఆయనకు పెట్రోలు వాసన కాదుగదా, పొయ్యి మీద పాలు మాడినా తెలియదు. అందుకని తెలిసిన మెకానిక్కులందరికీ కారు చూపించి, వాళ్లు అక్కడో బోల్టు ఇక్కడో బోల్టు బిగించి పోయిందంటే, పోయిందనే నమ్మి ఇంటికి తెచ్చేవాడు. ఆమె వాకిట్లోనే ముక్కు మూసుకునేది.

కారును ఇంట్లో వదిలేసి ఆమెతోపాటు బస్సులో పోరాదా అని అందరూ అడిగేవాళ్లు. బస్సు దారిలో చెడిపోతే ఆమె గతేం కాను అనేవాడు మల్లికార్జునం. ఇన్నేళ్లలో బస్సు ఒక్కసారీ చెడిపోలేదు. చెడిపోయింది రెండుసార్లు కారే. ఆ రెండుసార్లూ ఆ డ్రైవర్లెవరో పుణ్యాత్ములు, కొంచెం దూరం పోయిన బస్సును వెనక్కి తెచ్చి మరీ ఆపారు. ప్రయాణికులంతా దిగి కారును తోశారు. డ్రైవర్లు అద్దంలో చూసి ఉంటారని ఆయన అనుకున్నాడు.

ఆయనకు ఆమె మీద ఉన్న ఫిర్యాదల్లా ఒకటే. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా పోయి పోయి ఆఖరి సీట్లో కూర్చుంటుంది. గుంట వచ్చినప్పుడల్లా ఆ సీట్లోవాళ్లు జానెడు పైకి లేచి పడడం ఆయనకు కారులోంచి కనిపిస్తూనే ఉంటుంది. నడుము విరుగుతుంది, ముందు కూర్చోవే అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేది, మళ్లీ నెలకు అక్కడే కూర్చునేది. మొండిఘటం అనుకుని ఊరుకున్నాడు.

ఇలా ఉండగా మాలకొండమ్మ మోకాళ్లు పోయాయి. బస్సు మెట్లు ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు ఆనందకుమార్ దగ్గర కొత్తగా కొన్న చిన్న కారు ఉంది. నేను తీసుకుపోతాలేమ్మా అని ఒక శనివారం తీసుకుపోయి తీసుకొచ్చాడు. ఆమె తిరిగొచ్చి, అసలు కారులో కూర్చున్నట్టే లేదు, వాసన లేదు, చప్పుడు లేదు, చల్లగా పోయి చల్లగా వచ్చాను అని ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పింది. మల్లికార్జునం అంతా విన్నాడు. కొడుకు కారెక్కితే కొట్టు తండ్రి చూసుకోవాలి గదా, ఆ శనివారమంతా ఆయన గల్లాపెట్టె ముందే కూర్చున్నాడు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. ఇకమీదట ప్రతి నెలా ఇంతే కదా అన్న దిగులు పట్టుకుంది. కారులో పక్కన కూర్చోబెట్టుకునే రాత ఎటూ లేదు, ఇప్పుడు వెనక పోయే రాత కూడా పోయింది.

నాలుగు రోజులు లోపలే నలిగి, ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర బయటపెట్టాడు. ఒక్కసారి నా కారులో రా, వాసన లేకుండా చేయిస్తాను అన్నాడు. ఇన్నేళ్లూ చేయించినారు గదా అంది ఆమె. ఈసారి వాసనొస్తే దాన్ని అమ్మి పారేస్తాను అన్నాడు ఆయన రోషంగా.

మాలకొండమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అమ్మే మాట ఎందుకు ఇప్పుడు? ఒకసారి వస్తాను. వాసనొచ్చిందంటే ఇంక నన్ను ఆ కారెక్కమని అడగొద్దు. ఎప్పటికీ అడగొద్దు."

ఆయన సరేనన్నాడు.

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద కోటేశ్వర్‌ది రేకుల షెడ్డు. పాత కార్లంటే అతనికి కొంచెం పిచ్చి. ఈసారి మల్లికార్జునం కారును అక్కడికి తోలుకుపోయాడు. కోటేశ్వర్ బోనెట్టు ఎత్తకముందే, వాసన నడిచేటప్పుడు ఎక్కువా, నిలబెట్టినప్పుడు ఎక్కువా అని అడిగాడు. మల్లికార్జునం నీళ్లు నమిలి, ఇంటికి పోయి మాలకొండమ్మను అడిగి వచ్చాడు. ఎండలో నిలబెట్టి తీసినప్పుడు ఎక్కువట. ముందరి నుంచా, వెనక నుంచా అని కోటేశ్వర్ మళ్లీ అడిగాడు. మల్లికార్జునం మళ్లీ ఇంటికి పోయాడు. రెండోసారి పోయేసరికి మాలకొండమ్మకు నవ్వాగలేదు. ముందరి నుంచేనని చెప్పి, ఈ ముక్కు కోసుకుని తీసుకుపొండి, మీకు తిరుగుడు తప్పుతుంది అంది.

కోటేశ్వర్ బోనెట్టు కింద ఒక మూల చెయ్యి పెట్టి, కిలో డబ్బా అంత ఉన్న నల్లటి డబ్బాను బయటికి తీశాడు. దానికి గొట్టాలు తగిలించి ఉన్నాయి. అవి ఎండి, పగిలి, వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి. ట్యాంకులో పెట్రోలు ఎండకు ఆవిరి అవుతుందనీ, ఆ ఆవిరి గాల్లో కలవకుండా ఈ గొట్టం గుండా ఈ డబ్బాలోకి వస్తుందనీ, లోపల ఉన్న బొగ్గు దాన్ని పీల్చి పట్టుకుంటుందనీ, ఇంజను నడిచేటప్పుడు మళ్లీ దాన్ని లాగి కాల్చేస్తుందనీ కోటేశ్వర్ చెప్పాడు. బొగ్గు చచ్చిపోతే ఆవిరి ఎక్కడికి పోతుంది? నేరుగా అమ్మగారి ముక్కులోకే పోతుంది.

"ఇన్నేళ్లూ అందరూ ఇంజను చూసినారు శెట్టిగారూ, ఈ డబ్బా జోలికి ఎవురూ పోలేదు" అన్నాడు కోటేశ్వర్.

ఈ కారుకు అసలు డబ్బా ఇప్పుడు ఎక్కడా దొరకదన్నాడు. మల్లికార్జునం ఆలోచించి, బొగ్గేగదా, మా కొట్లో పెట్టెలు పెట్టెలు ఉన్నాయి, పాత డబ్బాలోనే నింపుకోవచ్చు అని సైకిలు మీద పోయి సాంబ్రాణికి వాడే బొగ్గు బిళ్లలు రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైగా మంచి సరుకని కూడా చెప్పాడు. కోటేశ్వర్ చాలాసేపు నవ్వి, అగ్గిపుల్ల చూపించగానే అంటుకునేందుకు మందు కలిపిన బిళ్లలు ఇవి, వీటిని పెట్రోలు దగ్గర పెడితే వాసనతోపాటు కారు కూడా పోతుందని చెప్పి, ఆ పెట్టెలు ఇంట్లో దేవుడి దగ్గరికి పంపించాడు. నెల్లూరులో పాత సామాన్లు అమ్మే చోట వేరే కారుది మంచి డబ్బా ఒకటి వెతికి తెచ్చి, పట్టీ వేసి బిగించాడు. గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. ట్యాంకు మూతలో చిరిగిన రబ్బరు వాషరు మార్చాడు.

పని అయ్యాక మల్లికార్జునం కారును వాకిట్లో ఎండకు నిలబెట్టి మాలకొండమ్మను పిలిచాడు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బోనెట్టు దగ్గర వంగింది. తలుపు తీసి తల లోపల పెట్టింది. ఆయన పరీక్ష రాసిన పిల్లవాడి మాదిరి గోడకానుకుని నిలబడ్డాడు. ఆమె తల బయటికి తీసి, రావట్లేదే అంది, ఆశ్చర్యంగా.

ఆ మాటకు ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. శుక్రవారం సాయంత్రమే కారును బంకుకు తోలుకుపోయి ట్యాంకు నింపించాడు. నింపించడమంటే మల్లికార్జునం లెక్కలో నింపించడం. వాళ్ల వంశంలో తూకానికి తూకం ఇచ్చి ఊరుకోవడం లేదు. పప్పు తూచాక మళ్లీ గుప్పెడు, బెల్లం తూచాక మళ్లీ ముక్క, ఏదైనా కొసరు వెయ్యందే సంచి మూతి కట్టరు. అలాగే ఎక్కడ ఏది కొన్నా కొసరు పడందే ఆయన కాలు కదలదు. బంకులో పనిచేసే కరుణశ్రీకి ఈ సంగతి బాగా తెలుసు. పెట్రోలు గొట్టం టక్కుమని ఆగిపోయాక, ఆయన కారును రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతాడు, ఆ పిల్ల గొట్టం కొంచెం పైకెత్తి చుక్క చుక్కగా పోస్తుంది, పెట్రోలు మూతి దగ్గరికి వచ్చి కంటికి కనిపించేదాకా పోస్తుంది. ఆ కొసరుకు కూడా మీటరు తిరుగుతూనే ఉంటుందని, డబ్బులు తానే ఇస్తున్నాడని ఆయనకు తెలియక కాదు. నిండుగా ఉండాలి, అంతే. ఆ రోజు సంతోషంలో ఇంకో రెండు ఊపులు ఎక్కువే ఊపాడు.

శనివారం పొద్దున ఎండెక్కాక బయలుదేరారు. మాలకొండమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆత్మకూరు దాటేదాకా అక్క కోసం తీసుకుపోతున్న నిమ్మకాయ పచ్చడి గురించి చెబుతూనే ఉంది. తర్వాత మాటలు తగ్గాయి. ఆయన ఓరగా చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుని, కొంగును ఏదో చెమట తుడుచుకుంటున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. మళ్లీ తీసింది, మళ్లీ పెట్టుకుంది. మొహం పాలిపోయింది. బాగుందా అని ఆయన అడిగాడు. బాగుంది, పోనీండి అంది ఆమె, పెదవులు బిగపట్టి.

ఆమె తన కోసం ఓర్చుకుంటోందని మల్లికార్జునానికి అర్థమైంది. ఛీ, వాసన కొడుతోందని ఒక్క తిట్టు తిట్టినా ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు. కారు ఒక చెట్టు నీడకు తీసి, వెనక్కి తిప్పాడు. ఆనందకుమార్ తన కారులో తల్లిని ఉదయగిరికి తీసుకుపోయాడు. మల్లికార్జునం కొట్టుకు పోయి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. మాటంటే మాటే. ఇక ఆమెను అడగడానికి లేదు.

మిట్టమధ్యాహ్నం కలువాయి వైపు నుంచి ఎప్పుడూ వచ్చే కామమ్మ నూనె కోసం ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. ఆయన దిగులుగానే లేచి, గరాటు పెట్టి పోశాడు. మెడ దగ్గరికి రాగానే ఆపాడు. ఇంకా చోటుంది గదా శెట్టిగారూ, మూతి దాకా పొయ్యి, దుడ్లు ఇస్తాను అంది కామమ్మ. ఈ మాట ఆమె ప్రతిసారీ అంటుంది. ఆయన ప్రతిసారీ చెప్పే జవాబే చెప్పాడు.

"నిండా పోస్తే ఎండకి పొంగి మూత సందులోంచి కారిపోద్దమ్మా. సంచంతా పాడైపోద్ది. నాలుగు వేళ్ల చోటు వదలాల. కొసరు కావాలంటే బెల్లం ముక్క ఇస్తా..."

అని, అక్కడే నోరు తెరుచుకుని ఆగిపోయాడు. గరాటు చేతిలోనే ఉంది. నూనె సంగతి ముప్పై ఊళ్లవాళ్లకు చెప్పాడు. జీవితమంతా చెప్పాడు. పెట్రోలు సంగతి తనకు తానే చెప్పుకోలేదు. మూతి దాకా పోసిన పెట్రోలు ఎండకు పొంగితే ఎక్కడికి పోతుంది? మూతకు కోటేశ్వర్ కొత్త వాషరు వేశాడు, అటు దారి లేదు. ఉన్నది ఒకటే దారి, ఆవిరి పోయే గొట్టం.

ఆయన కామమ్మ చేతిలో బెల్లం ముక్కకు బదులు బెల్లం దిమ్మే పెట్టేసి, కాస్త కొట్టు చూస్తుండు తల్లీ అని సైకిలెక్కాడు. కామమ్మ ఒక చేతిలో నూనె డబ్బా, ఒక చేతిలో బెల్లం దిమ్మె పట్టుకుని గల్లాపెట్టె ముందు నిలబడిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఇద్దరికి ఆవిడే ఉప్పు ప్యాకెట్లు అమ్మిందట కూడా.

కోటేశ్వర్ ఇంటికి వచ్చి కారును షెడ్డుకు తోలుకుపోయి, డబ్బాను ఊడదీసి తలకిందులు చేశాడు. పెట్రోలు ధారకట్టింది. బంకులో ఎంతవరకు పోయించారని అడిగాడు. మల్లికార్జునం బొటనవేలు గొంతు దగ్గర పెట్టి చూపించాడు. కోటేశ్వర్ తల పట్టుకున్నాడు.

"ఈ బొగ్గు ఆవిరి తాగుద్ది శెట్టిగారూ, పెట్రోలు తాగదు. ఒకసారి తడిసిందంటే ఇంక అది బొగ్గు కాదు. మీరు ఈ కారు కొన్నప్పటి నుంచీ ఇట్టనే పోయిస్తుండారా?"

కొన్నప్పటి నుంచీ అలాగే పోయిస్తున్నాడు. ఎవరు పోయమన్నారు? ఎవరూ అనలేదు. డాక్టరు దగ్గర ఆ డబ్బా బాగానే ఉండి ఉంటుంది. కొన్న రోజునే, మొదటి ప్రయాణానికి ముందు, తానే బంకులో నిలబడి ఊపి ఊపి పోయించాడు. ఆమె పట్టుచీర పాడుచేసింది కారు కాదు, తన కొసరు. ఇన్నేళ్లూ ఆమెను బస్సులో కుదేసిందీ అదే. ఈ లెక్క మనసులో తేలేసరికి మల్లికార్జునం ఆ షెడ్డులో టైరు మీద కూర్చుండిపోయాడు. ఆయనకు ఏడుపు వచ్చింది. కోటేశ్వర్ చూడనట్టే అటు తిరిగి పానాలు సర్దుకున్నాడు.

మళ్లీ నెల్లూరు నుంచి ఇంకో డబ్బా వచ్చింది. గొట్టాలు ఊది ఆరబెట్టారు. ట్యాంకులో అడుగున కొంచెం ఉంచి పెట్రోలంతా బయటికి తీశారు. కారు ఇంటికి చేరింది. మల్లికార్జునం ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్పడమంటే రమ్మని అడిగినట్టే అవుతుందని ఆయన భయం. కారు వాకిట్లో ఎండకు నిలబడి ఉండేది. మాలకొండమ్మ బట్టలు ఆరెయ్యడానికి పోతూ దాని పక్కగా పోయేది, వస్తూ పోయేది. ఆరెయ్యడానికి బట్టల్లేని రోజున కూడా ఒకసారి అటు పోయి వచ్చింది. ఆయన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాడు.

మరుసటి నెల శనివారం వచ్చింది. ఆనందకుమార్ కారు తుడిచి వీధిలో పెట్టాడు. మాలకొండమ్మ సంచి పట్టుకుని బయటికి వచ్చింది. వీధిలోకి పోలేదు. వాకిట్లోనే కాంటెస్సా ముందు తలుపు తీసి, మోకాళ్లు రెండు చేతులతో లోపలికి పెట్టుకుని కూర్చుంది. మల్లికార్జునం అప్పుడే కొట్టు తాళాలు తీసుకుని బయలుదేరబోతున్నాడు.

"అబ్బయ్యా, కొట్టుకు నువ్వు పోరా. నన్ను మీ నాయన తీసుకుపోతాడు" అంది ఆమె కొడుకుతో. ఆయన చేతిలో తాళాలు ఆనందకుమార్ చేతిలోకి ఎలా పోయాయో ఆయనకే తెలియలేదు.

దారిలో బంకు దగ్గర ఆగక తప్పలేదు. మాలకొండమ్మ ముందే కొంగు ముక్కుకు చుట్టుకుంది. బంకులో పెట్రోలు వాసన రాకపోతే ఇంకెక్కడ వస్తుంది. గొట్టం టక్కుమంది. కరుణశ్రీ అలవాటు కొద్దీ గొట్టం పైకెత్తి, ఆయన కారు ఊపడం కోసం ఎదురుచూసింది. మల్లికార్జునం చేతులు కూడా అలవాటు కొద్దీ కారు మీదికి పోయాయి. బలవంతాన వెనక్కి తీసుకుని నడుము మీద పెట్టుకున్నాడు.

"చాలమ్మా. మూత పెట్టెయ్."

కరుణశ్రీ ఆయన మొహంలోకి చూసి, ఒంట్లో బాగలేదా పెద్దాయనా అని అడిగింది. కారులో మాలకొండమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోందో, దగ్గుతోందో ఆయనకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన రోడ్డు చూసింది తక్కువ, ఆమె చెయ్యి చూసింది ఎక్కువ. కొంగు ఇంకా ముక్కు మీదే ఉంది. ఏఎస్ పేట వచ్చింది. కొంగు కొంచెం జారింది. ఊరు దాటాక ఎండ చురుక్కుమంది, లోపల సీట్లు వేడెక్కాయి. ఆమె కొంగు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి గట్టిగా లోపలికి పీల్చింది. ఆయన మాత్రం ఊపిరి బిగపట్టాడు. ఆమె సంచిలోంచి రెండు అరిసెలు తీసి, ఒకటి ఆయన చేతిలో పెట్టి, ఒకటి తను కొరికింది. పెట్రోలు వాసన వచ్చేచోట మాలకొండమ్మ మంచినీళ్లు కూడా ముట్టదు. మల్లికార్జునం ఒక చేత్తో అరిసె తింటూ, ఒక చేత్తో కారు నడిపాడు.

అప్పుడు చెప్పాడు ఆమెకు, డబ్బా సంగతీ, బొగ్గు సంగతీ, కొసరు సంగతీ అంతా. నీ పట్టుచీర పాడుచేసింది నేనే, మే అన్నాడు. ఆమె అరిసె నములుతూ విని, ఆ చీర రంగు నాకూ నచ్చలేదులెండి అంది.

వింజమూరు దాటాక ముందు బస్సు కనిపించింది. వాళ్ల బస్సే, రోజూ ఆ వేళకు పోయేదే. మల్లికార్జునం కాలు దానంతట అదే మెత్తబడి, కారు బస్సు వెనక సర్దుకుంది. బస్సు ఆగితే ఆపాడు, కదిలితే కదిలించాడు. రోడ్డు ఖాళీగా ఉంది. దూరంగా ఉదయగిరి కొండ నీలంగా కనిపిస్తోంది. దాటి పోవచ్చు గదా అని ఆమె అంటుందనుకున్నాడు. ఆమె బస్సు వెనక అద్దం వంకే చూస్తోంది. గుంట వచ్చింది. ఆఖరి సీట్లోవాళ్లు జానెడు లేచి పడ్డారు.

"చూసినావా, ఎట్ట ఎగిరిపడతుండారో. ముందు కూచోవే అని మొత్తుకుంటే ఒకనాడన్నా ఇన్నావా? ఆ సీటులో ఏముండాదని?"

మాలకొండమ్మ ఆయన వైపు తిరగలేదు. బస్సు అద్దం మీంచి చూపు తీయకుండానే చెప్పింది.

"ముందు కూచుంటే మీ కారు కనపడదు గదా. మీకు ముక్కా పనిచెయ్యదు, ఆ కారుకు నమ్మకమా లేదు. యాడన్నా ఆగిపోతే ఎవురు చూస్తారు? రెండుసార్లు ఆగిపోతే నేనే గదా అరిచి బస్సు ఆపించినాను."

ఇన్నేళ్లూ వెనకనుంచి ఆమెను తానే కనిపెట్టుకుని పోతున్నానని మల్లికార్జునం అనుకున్నాడు. ఆమె ఆ ఎగిరిపడే సీట్లో కూర్చుని, మెడ వెనక్కి తిప్పుకుని, ఇంత దారీ ఆయన్నే చూస్తూ పోయింది. కళ్లలో నీళ్లు తిరిగి ముందు బస్సు అలుక్కుపోయినట్టయింది. ఆయన కారు ఇంకా నెమ్మది చేశాడు. బస్సు వాళ్లను వదిలిపెట్టి దూరంగా పోయి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

"ఇంత మెల్లగా పోతే అక్క ఇంటికి ఎప్పటికి చేరతాం?" అంది ఆమె.

"బంకులో వద్దన్న కొసరు, మే. ఇక్కడ తీసుకుంటుండా" అన్నాడు ఆయన.

మాలకొండమ్మ నవ్వి, ఆయన గడ్డానికి అంటుకున్న అరిసె నువ్వులు కొంగుతో తుడిచింది. శీనమ్మ ఇంట్లో ఆ రోజు అన్నం చల్లారిపోయింది.